కార్పస్ గోల

తిరుపతి

ఒరేయ్ మురళీ,

బాగున్నావా? కోర్టు పని ఎట్లుందని అడిగావు కదా, చెప్తా విను.

మా చెల్లెలు ఎస్వీ మెడికల్ కాలేజీలో చేరినప్పటి నుంచి రాత్రిళ్లు ఇంట్లో అనాటమీయే. ‘కార్పస్ కలోసం, కార్పస్ లూటియం’ అని అది గట్టిగా వల్లె వేస్తుంటే, పక్కనే నేను హెబియస్ కార్పస్ పిటిషన్ ముందేసుకుని కూర్చున్నా. మా అమ్మ చూసి, "ఏంది, ఇద్దరికీ ఒకటే పాఠమా?" అంది.

ఒక రకంగా అంతే. కార్పస్ అంటే లాటిన్‌లో ఒళ్లు. డాక్టర్లు ఆ పేరును ఒంట్లో ఎక్కడ పడితే అక్కడ తగిలించారు. కార్పస్ కలోసం అంటే మెదడు రెండు సగాలనూ కలిపే కట్ట, దాదాపు 20 కోట్ల నరాల పోగులు. మూర్ఛ తగ్గడానికి దాన్ని కోయించుకున్న వాళ్ల మీద పరీక్షలు చేసి రోజర్ స్పెర్రీ 1981లో నోబెల్ అందుకున్నాడు. ఎడమ చూపులో మాత్రమే పడేట్టు ఒక వస్తువు బొమ్మ చూపిస్తే, వాళ్లు దాని పేరు చెప్పలేరంట. ఎడమ చేత్తో తడిమి మాత్రం సరిగ్గా అదే తీసిస్తారంట! మా చెల్లెలు చెప్తుంటే నోరు తెరుచుకుని విన్నా.

అదే 1981లో మన సుప్రీంకోర్టు, రమానంద్ కేసులో, శవం దొరక్కపోయినా హత్య రుజువు చేయొచ్చని చెప్పింది. కార్పస్ డెలిక్టై అంటే శవం కాదురా, నేరం జరిగిందనే సంగతి. లేకపోతే శవాన్ని మాయం చేసినోడు దర్జాగా ఇంటికి పోడూ! కార్పస్ ఫండ్ సంగతి బ్యాంకోడివి నీకు నేను చెప్పాలా, అసలు సొమ్ము ముట్టకుండా దాని వడ్డీ తినడమే కదా.

నా మనసంతా ఆ హెబియస్ కార్పస్ మీదే ఉంది. చిత్తూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. కొడుకును రాత్రిపూట పోలీసులు తీసుకుపోయారు, ఎక్కడ పెట్టారో చెప్పరు. మా సీనియర్ మాటల్లో ‘బాడీని ప్రొడ్యూస్ చేయమని అడుగుతాం’ అనేసరికి ఆయన భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "కాదు పెద్దాయనా, ప్రాణంతో ఉన్న మనిషినే తెచ్చి జడ్జి ముందర నిలబెట్టమంటాం" అని చెప్పి, టీ తాగించి పంపినా.

ఇది ఇక్కడి కోర్టులో వేసేది కాదు, రాజ్యాంగం 226 అధికరణ కింద అమరావతిలో హైకోర్టుకు పోవాలి. ఎమర్జెన్సీలో, 1976లో, ఈ హక్కు కూడా లేదని సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు అంటే, ఒప్పుకోనన్నది ఖన్నా గారు ఒక్కరే. ఆ తీర్పు చదివితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

వచ్చే వారం విచారణ, సీనియర్‌తో నేనూ పోతున్నా. నువ్వు మే నెలలో గంగజాతరకు లీవు పెట్టుకో. మీ అమ్మ నీకు బండ వేషం మొక్కుకుందంట, తప్పించుకోలేవు.

నీ
శీను