బూజు మందుకు ప్రాణం ఉంటుంది, దాన్ని చంపి అమ్మొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

2018లో కర్ణాటకలో మొదట కనబడ్డ కత్తెర పురుగు అదే ఏడాది మన రెండు రాష్ట్రాల మొక్కజొన్నకూ పాకింది. అప్పటి నుంచి మొక్క సుడిలో రంపపు పొట్టు లాంటి పురుగు లద్దె కనబడితే చాలు, ఇమామెక్టిన్ అనే రసాయన మందు కోసం షాపుకు పరుగెత్తడమే మా రైతులకు అలవాటైపోయింది. ఖర్చు సంగతి సరే, ఒకే మందు పదే పదే కొడితే పురుగు దానికి లొంగకుండా తయారవుతుందన్నదే నా టెన్షన్.

వానాకాలం నాలుగు రోజులు ముసురు పట్టాక చేలోకి దిగి చూడండి. ఆకుల మీద కొన్ని పురుగులు బిగుసుకుపోయి ఉంటాయి, ముందు తెల్లగా ఉండి తర్వాత ఒళ్లంతా లేత ఆకుపచ్చ పొడి పడుతుంది. వాటిని చంపింది మెటారైజియం రిలేయి అనే బూజు. పురుగు దాన్ని తినక్కర్లేదు, ఒంటికి అంటుకున్న బీజమే (బూజుకు విత్తనం లాంటిది) మొలకెత్తి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది, కొద్ది రోజుల్లో పురుగు చస్తుంది, పైన పట్టిన ఆ పొడే గాలికి లేచి పక్క పురుగులకు అంటుకుంటుంది. ఈ బూజునే పొడి మందుగా అమ్ముతున్నారు, నీటిలో కలిపి సుడిలో పడేలా కొట్టమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

మరి రైతులు ఎందుకు కొనడం లేదంటే, షాపులో ఉన్న తీరు అలా ఉంది. ప్రాణం ఉన్న ఈ సరుకును మే నెల ఎండల్లో రేకుల షెడ్డులో యూరియా బస్తాల పక్కన పడేసి జూలైలో అంటగడతారు, అప్పటికి అందులో బతికున్న బీజాలు ఎన్ని మిగులుతాయి? పైగా మాంకోజెబ్ కూడా అదే ట్యాంకులో కలిపి కొట్టేయమని సలహా! అది తెగుళ్ల మందు, తెగులు బూజును చంపేది ఈ బూజును మాత్రం వదులుతుందా? సాయంత్రం పూట, తేమ ఉన్నప్పుడు, పురుగు చిన్నగా ఉండగానే కొట్టాలని చెప్పేవాళ్లే లేరు. ముదిరిన పురుగు మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టి 'బయో మందులు పనిచెయ్యవు' అని రైతు తేల్చేస్తున్నాడు. ఇంకోవైపు బయో అని రాసిన డబ్బాలోది కొట్టిన కొన్ని గంటలకే పురుగు రాలిపోయిందని సంబరపడుతున్నవాళ్లూ ఉన్నారు. బూజు అంత తొందరగా చంపదు, అలా రాలితే అందులో రసాయనం కలిపారేమోనని అనుమానించాల్సిందే.

హిందూపురం, మదనపల్లె వైపు మల్బరీ తోటలున్న రైతులకు ఇంకో మాట కూడా చెప్పాలి. ఇలాంటిదే బవేరియా అనే బూజు మందు ఉంది, పట్టుపురుగులు తెల్లగా గట్టిపడి చచ్చే జబ్బు దానివల్లే వస్తుంది. 1835లోనే ఇటలీలో అగస్టినో బస్సీ ఈ సంగతి బయటపెట్టాడు. అలాంటి మందును మల్బరీ పక్క చేలో కొట్టకూడదని షాపులో ఎంతమంది చెబుతున్నారు?

వ్యవసాయ శాఖకు నా విన్నపం ఒక్కటే. మెటారైజియం మందును సీజన్‌కు ముందు తాజాగా తయారు చేయించి, చల్లగా నిల్వ ఉంచి రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో ఇప్పించండి. రసాయన మందుల శాంపిళ్లు తీసినట్టే షాపుల్లో బయో ప్యాకెట్ల శాంపిళ్లూ తీసి, బతికున్న బీజాలు ఎన్ని, రసాయనం కలిసిందా లేదా అన్నది పరీక్షించి, తప్పిన కంపెనీల పేర్లు మండలంలో అందరికీ కనబడేలా అతికించండి. వచ్చే వానాకాలం విత్తనం పడేలోపే ఇది జరగాలి.

ఇట్లు,
ఒక మొక్కజొన్న రైతు