పాత జీపుల వాళ్లందరికీ: ఆదివారం వికారాబాద్ ట్రిప్

అందరికీ నమస్తే! ఆదివారం పొద్దున 5:30కి హైదరాబాద్ అప్పా జంక్షన్ దగ్గర కలుద్దాం. చేవెళ్ల మీదుగా వెళ్దాం.

జిప్సీ, పాత థార్ ఉన్నవాళ్లు శనివారంలోగా డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో చక్రాలను తిప్పే గేర్ల పెట్టె) ఆయిల్ తప్పకుండా చెక్ చేయించండి. వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ (యాక్సిల్‌లోకి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం) మూసుకుపోయి ఉంటే సీళ్ల గుండా నీళ్లు లోపలికి లాగేస్తుంది. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తే వెంటనే మార్చేయాలి. నేను ఆలస్యం చేసి బేరింగులు పోగొట్టుకున్నాను. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ సంగతి తర్వాత, ముందు బ్రీదర్ పైపును పైకి పొడిగించండి. ఖర్చు చాలా తక్కువ.

టో రోప్ (బండిని లాగే తాడు), గాలి పంపు, టైర్ల గాలి చూసే గేజ్ తెచ్చుకోండి. బురదలో టైర్ల గాలి తగ్గిస్తాం, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. అడవిలోకి బండ్లు తీసుకెళ్లం.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా పేరు, బండి మోడల్ ఇక్కడే పెట్టండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు!