మలేరియా జ్వరం తగ్గింది సరే, రక్తం సంగతేంటి? తమిళనాడు ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను చెన్నై కొరుక్కుపేటలో ఉంటానండి, మాది శ్రీకాకుళం వైపు, ఇక్కడికొచ్చి 18 ఏళ్ళు. తమిళం మాట్లాడతా గానీ రాయడం రాదు, అందుకే తెలుగులో రాస్తున్నా, ఈ ఊళ్ళో చదివిపెట్టే తెలుగోళ్ళకి కరువేముంది.

మా తమ్ముడు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు ఒక సైట్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. మొన్న వానల్లో చలి, వణుకు, జ్వరం, ప్లేట్‌లెట్లు 60 వేలకి పడిపోయాయి, ఇంకేముంది అందరూ డెంగ్యూ డెంగ్యూ అని బొప్పాయి ఆకు రసం తాగించారు, మూడో రోజు స్లైడ్ (గాజు ముక్క మీద రక్తం చుక్క వేసి మైక్రోస్కోపులో చూసే టెస్టు) చూస్తే గానీ వైవాక్స్ అనే రకం మలేరియా అని తేలలేదు (మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడతాయట, మాకేం తెలుసు). మందులిచ్చారు, జ్వరం తగ్గింది, స్లైడ్ నెగెటివ్, ఇక వెళ్ళొచ్చు అన్నారు. పది రోజులకి పనిలోకి దిగాడు. మూడో ఫ్లోర్ పరంజా మీద కళ్ళు తిరిగి కూలబడ్డాడు, పక్కనున్న ఒడిశా కుర్రాడు చొక్కా పట్టుకుని లాగబట్టి సరిపోయింది. బయట ల్యాబ్‌లో డబ్బులు కట్టి చూపిస్తే హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయి ఉంది.

అప్పుడొక డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. ఆదివారం మటన్ ఎముక పళ్ళెంలో తట్టి మూలుగ తింటాం కదా, మన ఒంట్లో రక్తం తయారయ్యేది అందులోనేనట, సెకనుకి సుమారు 20 లక్షల ఎర్ర కణాలు. మలేరియా క్రిమి మన ఎర్ర కణాల్ని పగలగొడుతుందనేది నాకూ తెలుసు, కానీ క్రిమి ముట్టని మంచి కణాల్ని కూడా ప్లీహం (రక్తాన్ని వడకట్టే అవయవం, స్ప్లీన్ అంటారు) ఏరి పారేస్తుందని తెలీదు. మామూలుగా రక్తం తగ్గితే తొందరగా చెయ్యమని కిడ్నీ నుంచి మూలుగకి కబురెళ్తుంది, మలేరియాలో కబురెళ్ళినా మూలుగ సరిగా వినదు. క్రిమి హిమోగ్లోబిన్ తినేసి వదిలే నల్లటి చెత్త, హిమోజోయిన్ అంటారు, అది అక్కడ పేరుకుంటుంది, దానికి తోడు జబ్బుతో ఒంట్లో రేగే ఇన్‌ఫ్లమేషన్, దాంతో తయారయ్యే కణాలు కొన్ని సగంలోనే చచ్చిపోతాయి. వైవాక్స్ అయితే మరీ దారుణం, మూలుగ నుంచి అప్పుడే బయటికొచ్చిన లేత కణాల్నే పట్టుకుంటుంది. అందుకే మందు పడ్డాక కూడా కొన్నాళ్ళు హిమోగ్లోబిన్ దిగుతూనే ఉండొచ్చు, మళ్ళీ కోలుకోడానికి వారాలు పడుతుంది. పోనీ ఐరన్ మాత్రలు మింగుదామంటే జ్వరం ఉన్నన్నాళ్ళూ పేగు సరిగా లాక్కోదట. మా అమ్మ ఊరి నుంచి పంపిన బెల్లం, వేరుశనగపప్పు మాత్రం డబ్బా ఖాళీ చేశాడు.

2030 కల్లా దేశంలో మలేరియా లేకుండా చేస్తామని కేంద్రం 2016లోనే ప్రణాళిక వేసింది, మంచిదే, కానీ లెక్కంతా క్రిమి ఉందా లేదా అనే, మనిషిలో రక్తం ఎంత మిగిలిందో ఆ లెక్కలోకి రావట్లేదు. స్లైడ్ నెగెటివ్ వచ్చిన రోజే మా తమ్ముడు నయమైనోళ్ళ లెక్కలో చేరిపోయాడు.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు సార్. మలేరియా వచ్చిన ప్రతి ఒక్కరికీ జ్వరం తగ్గాక రెండు వారాలకి ఒకసారి, నెల తిరిగాక ఇంకోసారి వార్డులో ఉన్న అర్బన్ హెల్త్ సెంటర్‌లోనే ఫ్రీగా రక్తం కౌంట్ చెయ్యించండి, తక్కువుంటే రెటిక్యులోసైట్ కౌంట్ (లేత ఎర్ర కణాల లెక్క) కూడా, మూలుగ మళ్ళీ పనిలో పడిందో లేదో దాంట్లో తెలుస్తుంది. హిమోగ్లోబిన్ తక్కువున్న మనిషిని ఎత్తు మీద పనికి ఎక్కించొద్దని కాంట్రాక్టర్లకి కాగితం మీద ఆర్డర్ ఇవ్వండి, నోటిమాట వాళ్ళెవరూ వినరు.

ఇంకోటి, ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వేసుకోవాలి, వీడు నాలుగో రోజే ఆపేశాడు, జ్వరం లేదుగా అక్కా అని. లివర్‌లో దాక్కున్న క్రిమి కోసం అవి, మధ్యలో ఆపితే నెలల తర్వాత జ్వరం తిరగబెట్టి మూలుగకి మళ్ళీ అదే దెబ్బ. జీ6పీడీ లోపం (ఎర్ర కణాల్ని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్నోళ్ళకి ఆ మాత్రలే ఎర్ర కణాల్ని పగలగొడతాయి కాబట్టి ముందు ఆ టెస్టు కూడా చెయ్యాలి. ఇవన్నీ తమిళంలో చెప్పారేమో, వాడికి తమిళం రాదు. సైట్లలో చాలామంది తెలుగు, ఒడియా, హిందీ వాళ్ళే, మందు కవరు మీద నాలుగు భాషల్లో నాలుగు ముక్కలు అచ్చేయిస్తే పోయేదేముంది.

మొన్న మళ్ళీ చూపించాం, హిమోగ్లోబిన్ 10.9 వచ్చింది. ఈ టెస్టుకీ డబ్బులు మేమే కట్టాం.

ఇట్లు,
కొరుక్కుపేట నుంచి ఒక అక్క