పక్క బెడ్ అమ్మగారికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

నాన్నగారు గండం గడిచి బయటపడ్డారు. ఫోన్లు చేసినవాళ్ళకి జవాబివ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి. కళ్ళు మూతలు పడుతున్నాయి, కానీ ఇది రాయందే నిద్రపట్టదు.

బైల్ డక్ట్ (కాలేయం నుంచి పైత్యరసం వచ్చే గొట్టం) మూసుకుపోయి కామెర్లు ముదిరితే, పక్కటెముకల మధ్య నుంచి కాలేయంలోకి ట్యూబు వేసి పైత్యరసం బయటి సంచిలోకి వచ్చేలా పెట్టారు. మొదట్లో కాస్త ఎర్రగా వస్తుందన్నారు, వచ్చింది, తగ్గింది. డిశ్చార్జి కాగితాలు కూడా చేతికొచ్చాయి. ఆ రాత్రే సంచి మళ్ళీ ఎర్రబడింది.

నేను బిగుసుకుపోయాను. పక్క బెడ్ దగ్గర భర్తను చూసుకుంటున్న అమ్మగారు లేచొచ్చారు. ఆయనకూ అదే ట్యూబు. సంచిని అరచేతిలోకి తీసుకుని లైటు వైపు ఎత్తి చూశారు. "ఇది పసరులో కలిసిన ఎరుపు కాదమ్మా, గడ్డలు పడుతున్నాయి. నువ్వు నాన్న దగ్గరే ఉండు, సిస్టర్‌ని నేను పిలుస్తా" అంటూ పరిగెత్తారు. అప్పటికే బీపీ పడిపోతోంది.

డ్యూటీ డాక్టరు ట్యూబు మూసి, రక్తం ఎక్కించారు. కామెర్ల వల్ల విటమిన్ కె ఒంటికి పట్టక రక్తం త్వరగా గడ్డకట్టదట, ఆ ఇంజెక్షనూ ప్లాస్మా కూడా ఇచ్చారు. సిర నుంచి వచ్చే రక్తమైతే ట్యూబు సర్దినా, లావు ట్యూబు వేసినా చాలాసార్లు ఆగుతుందట. నాన్నగారికి కాలేయ ధమనే దెబ్బతిని ఒకచోట ఉబ్బింది. రక్తనాళాల్ని చూసే స్కాన్, సీటీ ఆంజియోలో అది కనబడ్డాక, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, చిన్న లోహపు చుట్టలైన కాయిల్స్‌తో మూసేశారు.

నేను వార్డుకి తిరిగొచ్చేసరికి రక్తంతో తడిసిన నాన్నగారి చొక్కా, దుప్పటి ఉతికి ఆరేసి ఉన్నాయి. "ఆ మరకలు నీ కంటపడకూడదని" అన్నారావిడ. అంతసేపూ చుక్క కన్నీరు రాని నేను ఆవిడ భుజం మీద పడి బావురుమన్నాను. తెల్లారితే ఆవిడ భర్తకి ట్యూబు మార్చాలి, ఆ టెన్షన్‌లో ఉండి కూడా మా బట్టలు ఉతికారు! అమ్మా, మీ పేరు కూడా అడగలేదు. మీ ఆయన చల్లగా ఉండాలి.

అన్నయ్యా వదినా పగలూ రాత్రీ ఉన్నారు, వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

ఒక్క బాధ మాత్రం పోవట్లేదు. ఆ డిశ్చార్జి కాగితాల్లో సంచి ఎర్రబడితే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఇలాంటి రక్తస్రావం వారం దాటాక కూడా మొదలవ్వచ్చని డాక్టరుగారు తర్వాత చెప్పారు. ముందే ఇంటికి వెళ్ళిపోయుంటే? ఎర్రటి రక్తం, గడ్డలు, నల్లటి విరేచనం, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనబడినా వెంటనే రావాలని, ట్యూబు లాగొద్దని రాసివ్వడానికి ఎంతసేపు పడుతుంది? మనిషి ప్రాణం మీదికొచ్చినప్పుడు సంతకాల కోసం బ్లడ్ బ్యాంకుకీ వార్డుకీ మధ్య తిప్పడం ఏమిటి?

అయ్యో, మరిచిపోయాను. ముక్కూ మొహం తెలియకపోయినా అర్ధరాత్రి వచ్చి రక్తమిచ్చిన తమ్ముడికి, నిద్రలోంచి లేచొచ్చి ఆంజియో చేసిన డాక్టరుగారికి, స్ట్రెచర్ తోసిన అన్నకి దండాలు. నైట్ డ్యూటీ సిస్టర్‌కి కూడా. ఇంకా, రక్తం నాన్నగారికి సరిపోతుందో చూసే క్రాస్ మ్యాచ్ అయ్యేదాకా కుర్చీలోంచి కదలని ఆ ల్యాబ్ అమ్మాయికి.