ఫిట్స్‌తో ప్రాణం పోవచ్చని ముందే చెప్పించండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా తమ్ముడికి పదో తరగతి నుంచి ఫిట్స్. ఇరవై నాలుగేళ్లకు హాస్టల్ గదిలో నిద్రలోనే పోయాడు. తలుపు పగలగొట్టి చూస్తే బోర్లా పడి ఉన్నాడు. నాలుక కొరుక్కున్నాడు, దిండు గలేబుకు రక్తం అంటింది. ఆస్పత్రి కాగితంలో మాత్రం ‘గుండె ఆగి మృతి’ అని రాశారు. చివరికి అందరి గుండే ఆగుతుంది. ఎందుకు ఆగిందో రాయాలి కదా సార్!

మూర్ఛ ఉన్నవాళ్లు ఇలా హఠాత్తుగా, ఎక్కువగా నిద్రలో చనిపోవడాన్ని డాక్టర్లు సుడెప్ అంటారు. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏటా వెయ్యికి ఒకరు ఇలా పోతున్నారని 2017లో అమెరికా నరాల వైద్యుల సంఘం చెప్పింది. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ అదుపులో లేకపోతే ముప్పు ఇంకా ఎన్నో రెట్లు. ఇవి కాక, ఫిట్ ఎంతకీ ఆగక చనిపోయేవాళ్లు, చెరువులోనో పొయ్యి దగ్గరో పడిపోయేవాళ్లు, దిగులుతో ప్రాణం తీసుకునేవాళ్లు ఉన్నారు. మా తమ్ముడిది కుర్రవాళ్లు ఇల్లు వదిలి హాస్టళ్లకు, నైట్ షిఫ్టులకు వెళ్లే వయసు. నిద్ర చెడుతుంది, మందు తప్పుతుంది, పక్క మంచం వాడికి చెప్పుకోవడానికి సిగ్గు.

ఇన్నేళ్లు చూపించినా ఈ ప్రమాదం గురించి ఒక్క డాక్టరూ మాకు చెప్పలేదు. భయపడతామని అనుకున్నారేమో. తెలిసుంటే గదిలో ఒంటరిగా ఉండనిచ్చేవాళ్లం కాదు.

చివరి నెలల్లో ఆస్పత్రిలో వాడు వేసుకునే ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ మాత్రలు లేవు, బయట కొనుక్కోమన్నారు. డబ్బులకు ఇబ్బందై వాడు రెండు పూటల మందు ఒక పూటకు తగ్గించుకున్నాడు, మాకు చెప్పలేదు. ఈ మందు ఉన్నట్టుండి తగ్గిస్తే ఫిట్స్ తిరగబెడతాయి. సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది.

బీపీ, షుగర్ మాత్రల్లాగే ఫిట్స్ మాత్రలూ ప్రతి పీహెచ్‌సీలో నెలనెలా తప్పకుండా దొరకాలి. మందు మానేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు తెలుగులో, ఇంట్లోవాళ్ల ఎదుట చెప్పాలి. హాస్టల్ వార్డెన్లకు శిక్షణ ఇప్పించండి: చేతిలో తాళాలు, నోట్లో చెంచాలు పెట్టకుండా పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. మరణ కారణం రాసేచోట మూర్ఛ ఉంటే మూర్ఛ అనే రాయించండి.

నవంబర్ 17 జాతీయ మూర్ఛ దినం. ఆలోపు ఈ ఉత్తర్వులు ఇవ్వమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక అక్క,
నల్గొండ జిల్లా