ప్యాకెట్ మొత్తానికి ఎన్ని క్యాలరీలో రాయడానికి ఏమిటి అడ్డం?

సంపాదకులకు నమస్కారం.

ప్యాకెట్ వెనక ఉన్న పోషకాల పట్టిక చదివాకే కొనమని గత వారం మీ పత్రికలో రాశారు. చదవడానికి మేం సిద్ధమే. అర్థమయ్యేలా రాసేవాళ్లే లేరు.

మా నాన్నగారికి 74 ఏళ్లు, షుగర్ ఉంది. రోజుకు 1500 క్యాలరీలు దాటొద్దని డాక్టరు చెప్పారు. మొన్న బిస్కెట్ ప్యాకెట్ తిరగేసి చూస్తే 72 అని కనిపించింది. ప్యాకెట్ మొత్తానికీ అంతే అనుకుని టీతో అన్నీ తినేశారు. తీరా చూస్తే ఆ 72 రెండు బిస్కెట్లకే, అంటే 15 గ్రాములకే. పక్క గడిలో 100 గ్రాములకు 480 అని ఉంది. ప్యాకెట్ బరువేమో 75 గ్రాములు. అంటే ఆయన తిన్నవి 360 క్యాలరీలు. ఆ అంకె ప్యాకెట్ మీద ఎక్కడా లేదు! పైగా, "కిలోక్యాలరీ అని రాశారు, కిలో అంటే వెయ్యి కదమ్మా" అని ఆయన టెన్షన్ పడ్డారు. డాక్టరు చెప్పే క్యాలరీ, ప్యాకెట్ మీది కిలోక్యాలరీ ఒకటేనని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఉప్పు సంగతి ఇంకా ఘోరం. ఉప్పు అని రాయరు, సోడియం అంటారు. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క వస్తుంది. మేం కొన్న మిక్చర్‌లో 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం ఉంది. 200 గ్రాముల ప్యాకెట్ తింటే 4 గ్రాముల ఉప్పు తిన్నట్టే. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు. కిరాణా కొట్లో నిలబడి ఈ లెక్కలు ఎవరు వేస్తారు? అదీ చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లిషులో. లేబుల్ మీద ఇంగ్లిషో హిందీయో ఉంటే చాలని నిబంధన. తెలుగు పెడితే పెట్టవచ్చు, లేకపోతే లేదు. అమ్మకానికి టీవీ ప్రకటనలు మాత్రం చక్కటి తెలుగులోనే వస్తాయి.

తిండి ఆరోగ్యానికి ఎంత మంచిదో తెలిపే నక్షత్రాలు ప్యాకెట్ ముందువైపు ముద్రించాలని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో ముసాయిదా తెచ్చింది. 2024 జులైలో చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వుల వివరాలు పెద్ద అక్షరాల్లో ఉండాలని ప్రతిపాదించింది. ముందువైపు లేబుళ్ల సంగతి తేల్చమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలలు గడువు పెట్టింది. మా వీధి కొట్లో నేను కొనే ప్యాకెట్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. చిలీ దేశంలో 2016 నుంచే ముందువైపు నల్లటి హెచ్చరిక గుర్తులు వేస్తున్నారు. లేబుల్ చదివి కొనమని 2024లో చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ ఎక్కడో లేదు, మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. ఇక్కడి అధికారులేమో పండగ ముందు నాలుగు స్వీటు షాపులు తనిఖీ చేసి, ఫొటో దిగి వెళ్లిపోతారు. తయారీ తేదీ చెరిగిపోయిన ప్యాకెట్లు, ధర మీద ధర అంటించిన స్టిక్కర్లు వాళ్ల కంటబడవా?

నేను అడిగేది ఒక్కటే. ప్యాకెట్ మొత్తానికి ఎన్ని క్యాలరీలు, ఎన్ని చెంచాల చక్కెర, ఎంత ఉప్పు ఉన్నాయో ముందువైపు తెలుగులో, పెద్ద అంకెల్లో వేయించండి. అప్పటిదాకా మా ఇంటికొచ్చిన ప్రతి ప్యాకెట్ మీదా మార్కర్‌తో నేనే రాసి పెడుతున్నాను, నాన్నగారికి కనబడేలా.

– ఒక పాఠకురాలు, తెనాలి