అమ్మమ్మ రాయికి చేయి వేసిన అందరికీ

నిన్న సాయంత్రం పరంజా విప్పేశాం. చుట్టూ గొట్టాలూ పరదాలూ ఏమీ లేకుండా మనం రాతిలో చెక్కిన అమ్మమ్మ ఇప్పుడు ఆరుబయట కూర్చుని ఉంది, ఒళ్ళో మనవరాలితో. మొత్తం 11 నెలలు పట్టింది. రాత్రి పడుకున్నాక కూడా చెవుల్లో ఉలి చప్పుడు ఆగలేదు. ఒక్కొక్కరి ముఖం గుర్తుకొస్తూనే ఉంది. నిద్ర పట్టక లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

మొదటి నమస్కారం తాతగారికి. నలభై ఏళ్ళు రాతి క్వారీలో పనిచేసిన మనిషి ఆయన. రాయి ఎంచుకోవడానికి వెళ్ళినప్పుడు నేను రంగు చూశాను, ఆయన చెవి పెట్టారు. చిన్న సుత్తితో జానెడు జానెడుకీ కొట్టి నన్నూ వినమన్నారు. గట్టి రాయి గంటలా ఖంగుమంటుంది. లోపల బీట ఉంటే పగిలిన కుండ చప్పుడు వస్తుంది. నాకెంతో నచ్చిన రెండు రాళ్ళను ఆయన అలా విని వద్దన్నారు. మూడోది మోగింది. 2 మీటర్ల ఎత్తు, 1.3 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల మందం ఉన్న బూడిదరంగు గ్రానైట్. ఘనమీటరు గ్రానైట్ దాదాపు 2,700 కిలోలు తూగుతుంది, అంటే మన రాయి బరువు 8 టన్నుల పైమాటే.

మాస్కు పెట్టుకోకుండా రాయి దగ్గరికి ఎవర్నీ రానివ్వనిదీ ఆయనే. గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం బాగా ఉంటుంది. పొడిగా కోస్తే లేచే సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. అది వచ్చాక నయం కాదు. తనతో పనిచేసినవాళ్ళలో కొందరు అలాగే పోయారని ఒక మధ్యాహ్నం మెల్లగా చెప్పారు. ఆ రోజు తర్వాత నీళ్ళ పైపు పట్టే మనిషి లేకుండా నేను రాయి కోసే గ్రైండర్ ముట్టుకోలేదు. గంటల తరబడి బ్లేడు మీద నీళ్ళు పోస్తూ నిలబడటం ఎంత విసుగు పనో నాకు తెలుసు. కాలేజీ పిల్లలు వంతులు వేసుకుని, పరీక్షల వారంలో కూడా వచ్చారు. నా ఊపిరి మీరు కాపాడారు నాన్నా. నీళ్ళున్న చోట కరెంటు గ్రైండర్ వద్దని తన గాలి కంప్రెసర్‌ని ఇన్ని నెలలు మా దగ్గరే ఉంచేసిన మెకానిక్ అన్నకీ ఇక్కడే దండం.

పునాది వేసిన మేస్త్రీలను ఎవరూ తలుచుకోరు, ఎందుకంటే వాళ్ళ పని మట్టి కింద ఉండిపోయింది. అడుగున కంకర పరిచి నీళ్ళు పోయే దారి పెట్టారు. కాంక్రీటు వేశాక 28 రోజులు తడుపుతూ ఆగమన్నారు. రాయి తొందరగా తెప్పించాలని నేను ఎంత వేధించినా పెద్ద మేస్త్రీ ఒప్పుకోలేదు. ఇంత బరువు కూర్చున్నాక కూడా ఇవాళ్టికి ఎక్కడా కుంగలేదు. ఆయన మొండితనానికి నా కృతజ్ఞతలు.

ఇక రాయి వచ్చిన రోజు. వానకి నేల మెత్తబడి క్రేన్ పునాది దాకా రాలేకపోయింది. ముప్పై మీటర్ల దూరంలో రాయిని దించేసి వెళ్ళిపోయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గంటలో మీరంతా వచ్చేశారు. దళసరి చెక్కలు పరిచాం, వాటి మీద ఇనుప గొట్టాలు, గొట్టాల మీద రాయి. ముందు రెండు మోకులకు ముప్పై మంది. రాయి అదుపు తప్పి దూసుకుపోకుండా వెనక చైన్ బ్లాక్ (బరువుల్ని లాగి పట్టే గొలుసు కప్పీ) కట్టి, దాన్ని కొద్దికొద్దిగా వదులుతూ ఇద్దరు. వెనక బయటపడిన గొట్టాన్ని ఎత్తుకుని ముందుకు పరిగెత్తేవాళ్ళు కొందరు. ఒక్క మనిషే కేక వేయాలి, మిగతావాళ్ళు ఆ కేకకే లాగాలి, ఆగమంటే ఆగాలి. ఆ కేక వేసింది మన కూరగాయల అక్క. ఆవిడ గొంతు ఆ రోజు చేసిన పని ఏ యంత్రమూ చేసేది కాదు. 1504లో ఇటలీ శిల్పి మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహాన్ని ఫ్లోరెన్సు వీధుల్లో తరలించినప్పుడు 40 మందికి పైగా మనుషులకు నాలుగు రోజులు పట్టిందట. మనకి సాయంత్రం దాకా పట్టింది. ఎవరి వేలికీ గాయం కాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె నిండిపోతుంది.

అయిదో నెలలో జరిగింది కొంతమందికే తెలుసు. గ్రైండర్‌తో పక్కపక్కనే గాట్లు పెట్టి, మధ్యలో మిగిలిన పలకల్ని సుత్తితో విరగ్గొట్టుకుంటూ చాలా రాయి తీసేశాను. నా మట్టి నమూనాలో మనవరాలు చెయ్యి పైకెత్తి అమ్మమ్మ గడ్డం పట్టుకుని ఉంటుంది. ఆ చెయ్యి వచ్చే చోట కొట్టి చూస్తే ఒక ఉదయం చప్పుడు మారింది. తాతగారు బకెట్ నీళ్ళు కుమ్మరించి ఆరేదాకా చూడమన్నారు. రాయంతా ఆరిపోయాక వెంట్రుకంత సన్నని తడి గీత ఒక్కటి మిగిలింది. బీట. సరిగ్గా పాప మోచేతి గుండా.

వారం రోజులు ఉలి పట్టలేదు. డేవిడ్‌ని చెక్కిన పాలరాయి కూడా అంతకుముందు ఇద్దరు శిల్పులు మొదలుపెట్టి వదిలేస్తే దశాబ్దాలు ఆరుబయట పడి ఉన్నదేనని నాకు తెలుసు. తెలిసినా ధైర్యం రాలేదు. అప్పుడే రోజూ పని చూడటానికి వచ్చే ఒక చెల్లి, తన పాపని ఒళ్ళో వేసుకుని అక్కడ కూర్చుంది. కాసేపటికి పాప నిద్రపోయింది. ఎత్తిన చెయ్యి జారి తల్లి మోకాలి మీద వాలింది. నేను చూస్తున్నానని గమనించి, "పడుకున్న పిల్లకి చెయ్యి ఎత్తాల్సిన పని ఏముంది అన్నా?" అంది. బీట ఉన్న భాగమంతా కొట్టేశాను. మనవరాలు నిద్రపోయింది. కథ వింటూ వింటూ నిద్రపోయిన పిల్ల అది. నేను మొదట అనుకున్నదానికంటే ఇదే నిజమైన శిల్పం, ఇది ఆ చెల్లి ఇచ్చింది.

కొలతలు తీసిన లెక్కల మాస్టారికి ధన్యవాదాలు. నమూనాకి అయిదు రెట్లు పెద్దది కాబట్టి అక్కడ ఒక మిల్లీమీటరు తప్పితే ఇక్కడ 5 మిల్లీమీటర్లు తప్పుతుందని, ప్రతి కొలతా రెండుసార్లు తీయించారు.

చివరి నెలలో చూపు లేని ఒక అక్క వచ్చి అమ్మమ్మ ముఖాన్ని రెండు చేతులతో తడిమింది. చాలాసేపు. తర్వాత ఎడమ బుగ్గ కుడి బుగ్గ కంటే బరువుగా ఉందంది. నేను నెలల తరబడి చూసినా పట్టలేకపోయాను. పక్కవెలుగు వేసి చూస్తే ఆవిడ మాటే నిజం. ఆ రోజే ఒక నిర్ణయం తీసుకున్నాను. చేతికందే చోటల్లా, ముఖం, చేతులు, మోకాళ్ళు, పాప వీపు, నునుపుగా సాన పెట్టాను. మిగతాదంతా పళ్ళున్న సుత్తి దెబ్బలతో గరుగ్గానే వదిలేశాను. చీర ఎక్కడ మొదలవుతుందో, చర్మం ఎక్కడ మొదలవుతుందో వేళ్ళకే తెలుస్తుంది. ఒడిలో వాన నీళ్ళు నిలవకుండా చీర మడతని బయటికి వాలుగా చెక్కాను. మొన్నటి వానలో నీళ్ళు ఆ మడత వెంబడే జారిపోవడం పిల్లలు చూపించారు.

మధ్యాహ్నాలు అన్నం పంపిన ఇళ్ళకీ, రాత్రిళ్ళు పనిముట్లకి కాపలా ఉన్న తమ్ముళ్ళకీ, చప్పుడు భరించిన పక్కింటివాళ్ళకీ వేరువేరుగా వచ్చి చెప్పాలి. వస్తాను.

తాతగారూ, మీ చిన్న సుత్తి నా దగ్గరే ఉండిపోయింది. ఆదివారం శిల్పం దగ్గరికే తెస్తాను. మీరు ఒక్కసారి కొట్టి వినాలి.